ఒక ప్రయాణం, రెండు టికెట్లు

అమ్మానాన్నలతో ఫ్లోరెన్స్ నుంచి మిలాన్ మీదుగా పారిస్ బయల్దేరాం. మొదటి రైలు 50 నిమిషాలు లేటు. పెట్టెలు లాక్కుంటూ పరిగెత్తేసరికి పారిస్ రైలు వెళ్లిపోయింది. కౌంటర్‌లో అమ్మాయి రెండు టికెట్లూ పక్కపక్కన పెట్టి చూసి, "ఇవి వేర్వేరు కంపెనీలవి, మళ్లీ కొనుక్కోవాల్సిందే" అంది. అమ్మ మోకాలు పట్టుకుని పెట్టె మీదే కూర్చుండిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది.

2023 జూన్ నుంచి అమల్లో ఉన్న యూరోపియన్ యూనియన్ నిబంధన ఒక రైలు లేటై తర్వాతిది తప్పిపోతే, ఒకే రైల్వే కంపెనీ దగ్గర ఒకేసారి కొన్న టికెట్లకు రక్షణ ఇస్తుంది. విడివిడిగా కొంటే మన ఖర్మ. కలిపి అమ్మేవాడు దొరకనప్పుడు విడివిడిగా కాక ఇంకెలా కొంటాం?

మిలాన్ నుంచి పారిస్ దారిలో రైళ్లను నడిపే కరెంటే మూడు రకాలు. ఇటలీ పాత లైన్లలో 3,000 వోల్టులు, ఆల్ప్స్ దాటి ఫ్రాన్స్‌లో దిగాక 1,500, హైస్పీడ్ లైన్ మీద 25,000. అన్నిటి మీదా నడిచే రైలు తయారుచేశారు. సొరంగాలు తవ్వారు. రెండు కంపెనీలు కూర్చుని ఒక టికెట్ ఇవ్వడం మాత్రం చేతకాలేదా? లేటు చేసింది మొదటి కంపెనీ వాళ్లు. తర్వాతి రైల్లో సీటు ఇప్పించాల్సిందీ వాళ్లే. పెద్దవాళ్లను రాత్రిపూట పరాయి ఊళ్లో వదిలేయడం అన్యాయం.