రోబో సంగతి సరే, వాచిన చెయ్యి సంగతేంటి?

"రోబో చేసిన రొమ్ము పునర్నిర్మాణం" (అంటే క్యాన్సర్‌కి తీసేసిన రొమ్మును మళ్లీ తయారుచేయడం) లాంటి హెడ్డింగ్ కనబడితే నాకు ఒళ్లు మండుతుంది. రోబో తనంతట తాను ఒక్క కుట్టు కూడా వేయదండీ. వేసేది సర్జనే. 2024లో అమెరికా మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించిన సిమానీ అనే సర్జరీ రోబోనే తీసుకోండి. సర్జన్ చేతి కదలికను 20వ వంతు దాకా తగ్గించి, వణుకు తీసేసి సూదికి అందిస్తుంది. అంతే.

పొట్ట కింది చర్మం, కొవ్వు రక్తనాళాలతో సహా తీసి ఛాతీ మీద అమర్చే డీప్ ఫ్లాప్ ఆపరేషన్ 1990ల నుంచీ ఉన్నదే. అక్కడ కలిపే నాళాలు దాదాపు 2-3 మిల్లీమీటర్లుంటాయి. చెయ్యి తిరిగిన సర్జన్లు మైక్రోస్కోప్ కింద, వెంట్రుక కంటే సన్నటి దారంతో వాటిని చక్కగానే కుడుతున్నారు. ఆ రాత్రంతా కష్టం నర్సులది. గంటగంటకీ వచ్చి ఫ్లాప్ రంగు చూడాలి, వేలితో నొక్కి వదిలి రక్తం ఎంత త్వరగా తిరిగొస్తోందో చూడాలి. రంగు తేడాగా ఉంటే డాక్టర్‌ని నిద్ర లేపాలి. వాళ్ల గురించి ఏ హెడ్డింగూ రాదు.

రోబో నిజంగా పనికొచ్చే చోటు వేరే ఉంది. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంకలోని లింఫ్ గ్రంథులు తీసేశాక కొందరికి నీరు చేరి చెయ్యి వాచిపోతుంది. ఆ నీటిని మోసే లింఫ్ నాళాలను పక్కనున్న చిన్న సిరలకు కలపాలి. అవి మిల్లీమీటరు కూడా ఉండవు, అక్కడ చేతి వణుకు లెక్కలోకి వస్తుంది. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో మూసా అనే రోబోతో దీన్నే పరీక్షించి 2020లో ఫలితాలు ప్రచురించారు. 20 మంది మహిళల్లో 8 మందికి రోబోతో, 12 మందికి చేత్తో చేశారు. రోబోకే ఎక్కువ టైమ్ పట్టింది. అయినా అంత సన్నటి నాళాలను దానితో సురక్షితంగా కలపొచ్చని తేలింది. చిన్న ట్రయలే, కానీ నాకు ఆశ కలిగించింది ఇదే.

ఎందుకంటే మా పెద్దమ్మకి కుడి చేతికి గాజులెక్కవు. జాకెట్లన్నిటికీ ఆ ఒక్క చెయ్యి కుట్లు విప్పించుకుంటుంది. చూపిస్తే హాస్పిటల్‌లో "ఇది మామూలేనమ్మా, బరువులెత్తకండి" అని పంపేశారు. అదే హాస్పిటల్ గేటు దగ్గర రోబో బొమ్మతో పెద్ద ఫ్లెక్సీ!

ఈ నాళాలు కలిపే ఆపరేషన్ వాపు మొదట్లో ఉండగా చేస్తేనే ఎక్కువ ఫలితం. చెయ్యి గట్టిపడిపోయాక ఏ రోబో వచ్చినా పెద్దగా చేయగలిగేది ఉండదు. కాబట్టి క్యాన్సర్ ఆపరేషన్‌కి ముందే రెండు చేతులూ టేపుతో కొలిచి ఫైల్లో రాయమని అడగండి. చెకప్‌కి వెళ్లిన ప్రతిసారీ మళ్లీ కొలిపించండి. తేడా కనిపిస్తే "మామూలే" అన్న మాటకి ఊరుకోకండి, ప్లాస్టిక్ సర్జన్‌కి రిఫర్ చేయమని గట్టిగా అడగండి.