ఏటీఎం తెర మీద ఫోరింట్

2004లో ఐరోపా సమాఖ్యలో చేరినా హంగేరీ యూరోకు మారకుండా తన సొంత కరెన్సీ ఫోరింట్‌నే కొనసాగించడంపై నాకు అభ్యంతరం లేదు. ఒకటి, రెండు ఫోరింట్ల నాణేలను 2008లో ఉపసంహరించారు కాబట్టి, నగదు బిల్లు 1,998 అయితే 2,000 తీసుకోవడం కూడా న్యాయమే. నా బాధంతా, కొత్తవారి తెలియనితనాన్ని సొమ్ము చేసుకునే ఏటీఎంల గురించే. బుడాపెస్ట్‌లో అలాంటి ఒక యంత్రంలో కార్డు పెట్టగానే, మొత్తాన్ని మన ఖాతా ఉన్న కరెన్సీలోకి మార్చమంటారా అని తెర అడిగింది. సరేనంటే మారకపు రేటు మన బ్యాంకుది కాక ఆ యంత్రం నడిపేవారిది అవుతుంది. అంగీకరించే మీట పెద్దగా పచ్చరంగులో మెరుస్తుంటే, వద్దనే మీట ఒక మూలన వెలవెలబోతూ కనిపించింది. రూపాయికి సుమారు నాలుగు ఫోరింట్లు వస్తున్న రోజుల్లో, సున్నాలు లెక్కపెట్టుకోవడానికే తికమకపడే ప్రయాణికుడిని ఇలా తొందరపెట్టడం అన్యాయం. రెండు మీటలనూ ఒకే పరిమాణంలో, ఒకే రంగులో చూపించాలని ఎవరైనా గట్టిగా ఆదేశించాలి.