“లైసెన్సు వద్దు, ఖర్చు లేదు, ఆదివారమే రేడియో పెట్టేయండి”: ఆ ఫార్వర్డులో ఎంత నిజం?

వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ ఆగకుండా తిరుగుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: “పాత ల్యాప్‌టాప్, మైకు, నెట్ ఉంటే చాలు. సాఫ్ట్‌వేర్ అంతా ఓపెన్ సోర్స్, కాబట్టి పైసా ఖర్చు లేదు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టే చెప్పింది, లైసెన్సు అక్కర్లేదు. ఎఫ్‌ఎం కావాలంటే రాస్ప్‌బెర్రీ పై బోర్డుకు ఒక వైరు తగిలించండి. ఇప్పుడు అందరి చేతిలో నెట్ ఉంది, రోజంతా పాటలు వేయండి. ఈ ఆదివారమే మీ ఊరి కమ్యూనిటీ రేడియో మొదలుపెట్టండి.”

ఓపెన్ సోర్స్ పనిముట్లంటే, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉండే సాఫ్ట్‌వేర్లంటే, నాకూ ఇష్టమే. అందుకే ఈ మెసేజ్ చూస్తే ఇంకా చిరాకు. వాటికి లేని మహిమలు అంటగట్టి, ఉన్న అసలు బలాన్ని వదిలేసింది.

“సాఫ్ట్‌వేర్ ఫ్రీ, కాబట్టి ఖర్చు లేదు”

మొదటి సగం నిజం. ఆడియో కోసుకుని అతికించుకోవడానికి ఆడాసిటీ 2000 నుంచీ ఉచితంగా దొరుకుతోంది. కానీ అది ఎడిటింగ్‌కు మాత్రమే. పొద్దున ఆరింటికి ఒక కార్యక్రమం, ఏడింటికి మరొకటి తనంతట తాను వేయాలంటే ప్లేఅవుట్ సాఫ్ట్‌వేర్ వేరే కావాలి. దానికీ రివెండెల్, లిబ్రెటైమ్ లాంటివి ఉన్నాయి. ఫైలు పాడై శబ్దం ఆగిపోతే వెంటనే ఇంకో ఆడియోకు మారేలా లిక్విడ్‌సోప్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో రాసుకోవచ్చు. వీటిలో దేనికీ డబ్బు కట్టనక్కర్లేదు.

కట్టాల్సింది మిగతావాటికి. ట్రాన్స్‌మిటర్, యాంటెన్నా, దాని టవరు, మిక్సరు, శబ్దం లోపలికి రాని గది, కరెంటు పోతే ఇన్వర్టరు. వీటన్నిటికంటే పెద్దది మనుషుల జీతం. రివెండెల్ లినక్స్ మీద నడుస్తుంది, వెనక డేటాబేస్ ఉంటుంది. అది పెట్టిన కుర్రాడికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాక డేటాబేస్ మొరాయిస్తే ఎవరు చూస్తారు? స్టేషన్లో కనీసం ఇద్దరికైనా ఆ పని రావాలి. ఆ శిక్షణ ఖర్చు ఫార్వర్డు రాసినవాళ్ల లెక్కలోకి రాలేదు.

మరి ఓపెన్ సోర్స్ వల్ల లాభమేంటి? క్యాంప్‌కాస్టర్ అనే రేడియో సాఫ్ట్‌వేర్ తర్వాత ఎయిర్‌టైమ్ అయింది. దాన్ని తయారుచేసే సంస్థ ఉచిత వెర్షన్ మీద పని తగ్గించేసరికి, వాడుకునేవాళ్లే ఆ కోడ్ తీసుకుని 2017లో లిబ్రెటైమ్ పేరుతో కొనసాగించారు. కంపెనీ ఆపేసినా స్టేషన్ ఆగక్కర్లేదు. నాకైతే రూపాయి మిగలడం కంటే ఇదే పెద్ద విషయం.

“సుప్రీంకోర్టే చెప్పింది, లైసెన్సు అక్కర్లేదు”

1995 ఫిబ్రవరి తీర్పు గురించే ఈ మాట. ఆ ధర్మాసనంలో మన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి కూడా ఉన్నారు, విడిగా తీర్పు రాశారు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని కోర్టు అన్న మాట నిజమే. ప్రజల మేలు కోసం వాటి వాడకాన్ని ఒక ప్రజా అధికార సంస్థ నియంత్రించాలని కూడా అదే తీర్పులో ఉంది. మెసేజ్ సగం వాక్యం దగ్గరే ఆగిపోయింది.

కమ్యూనిటీ రేడియోకు మొదట 2002లో విద్యాసంస్థలకే తలుపు తీశారు. స్వచ్ఛంద సంస్థలకు 2006 చివర్లో అవకాశం వచ్చింది. వ్యక్తులకు, రాజకీయ పార్టీలకు అనుమతి ఇవ్వరు. నెట్‌లో మాత్రమే ప్రసారం చేస్తే ఈ ఎఫ్‌ఎం అనుమతి అవసరం లేదు, ఆ మేరకు మెసేజ్ కరెక్టే. కానీ వాళ్లు ఆ మాటను ఎఫ్‌ఎంకు కూడా చుట్టేశారు.

“రాస్ప్‌బెర్రీ పైకి వైరు తగిలించండి”

దయచేసి వద్దు. రాస్ప్‌బెర్రీ పై అనేది ఒక చిన్న కంప్యూటర్ బోర్డు. ఆ బోర్డు పిన్ నుంచి వచ్చేది చతురస్రాకారపు తరంగం. మీరు పెట్టుకున్న 90.4 మెగాహెర్ట్జ్‌తో పాటు దాని గుణిజాల మీద కూడా చెత్త సిగ్నల్ పోతుంది. వడపోసే ఫిల్టరు అందులో లేదు. ఎఫ్‌ఎం బ్యాండ్ 108 దగ్గర అయిపోగానే విమానాల నావిగేషన్, పైలట్ల మాటలు మొదలవుతాయి. అనుమతి లేకుండా వైర్‌లెస్ పరికరం పెట్టుకోవడం 1933 చట్టం నాటి నుంచే నేరం. పైగా ఆ వైరు సిగ్నల్ పక్క వీధి దాటడమే కష్టం.

“అందరి చేతిలో నెట్ ఉంది, ఎఫ్‌ఎం ఎందుకు?”

ఇందులో కొంత బలమున్న మాట ఉంది. కొత్త ఫోన్లలో ఎఫ్‌ఎం రిసీవర్ మాయమవుతోంది. దాన్ని తీసేయొద్దని 2023లో కేంద్ర ఐటీ శాఖ ఫోన్ల తయారీదారులకు సూచన కూడా పంపింది. అయినా లెక్క వేసి చూడండి. 64 కేబీపీఎస్ స్ట్రీమ్ గంటసేపు వింటే దాదాపు 29 ఎంబీ డేటా ఖర్చు. ఐదొందల మంది ఒకేసారి వింటే, స్ట్రీమ్‌ను అందరికీ పంపే ఐస్‌కాస్ట్ సర్వరు నుంచి సెకనుకు 32 మెగాబిట్లు, గంటకు 14 జీబీ పైన బయటికి పోవాలి. వినేవాళ్లు పెరిగేకొద్దీ బిల్లు పెరుగుతుంది. 50 వాట్ల ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ చుట్టూ పది, పదిహేను కిలోమీటర్లకు వినిపిస్తుంది. పదిమంది విన్నా పదివేల మంది విన్నా కరెంటు బిల్లు అంతే.

2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు ఫోన్లు ఎలా మూగబోయాయో అక్కడివాళ్లను అడగండి. అలాంటప్పుడు బ్యాటరీ రేడియో విలువ తెలుస్తుంది. తమిళనాడులో పాంబన్ జాలర్ల కోసం కడల్ ఓసై అనే కమ్యూనిటీ రేడియో 90.4 మెగాహెర్ట్జ్ మీద నడుస్తోంది.

నెట్ దండగ అనడం లేదు. వినేవాళ్ల గొంతు స్టేషన్‌కు చేరడానికి వెబ్ పనిముట్లు భలే పనికొస్తాయి. 2010లో ఛత్తీస్‌గఢ్‌లో మొదలైన సీజీనెట్ స్వర చూడండి. ఆస్టరిస్క్ అనే ఓపెన్ సోర్స్ టెలిఫోన్ సాఫ్ట్‌వేర్ మీద నడిచింది. మామూలు ఫోన్ నుంచి చేసి గోండీలోనో హిందీలోనో మాట రికార్డు చేస్తే, అటువైపు దాన్ని సరిచూసి మిగతావాళ్లకు వినిపించేవారు. ఆదిలాబాద్ గోండు గూడేల గురించి తెలిసినవాళ్లకు దీని అవసరం చెప్పనక్కర్లేదు. చదవడం, రాయడం రాకపోయినా ఫోన్ చేసి మాట్లాడొచ్చు.

“రోజంతా పాటలు వేయండి”

సినిమా పాటలా? నెట్‌లో అయితే మరీ చిక్కు. చట్టం నిర్ణయించిన రేటు కట్టి పాట వేసుకునే వెసులుబాటు కాపీరైట్ చట్టం 31-డి కింద ఉంది. అది ఇంటర్నెట్ ప్రసారాలకు వర్తించదని 2019లో బాంబే హైకోర్టు చెప్పింది. ఇక అనుమతి ఉన్న కమ్యూనిటీ స్టేషన్ అయితే కనీసం సగం కార్యక్రమాలు స్థానికుల భాగస్వామ్యంతో తయారవ్వాలి. రోజంతా పాటలంటే ఆ షరతు గాలికి వదిలేసినట్టే.

“ఈ ఆదివారమే మొదలుపెట్టండి”

జహీరాబాద్ దగ్గర మాచ్‌నూరులో సంఘం రేడియో ఉంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థలోని దళిత మహిళలు దాన్ని నడుపుతున్నారు. 2008 అక్టోబరు 15న ప్రసారం మొదలైంది. అంతకుముందు ఏళ్ల తరబడి వాళ్లు ఊరికే కూర్చోలేదు. విత్తనాలు, పంటలు, పాటలు, ఊరి ముచ్చట్లు టేపుల మీద రికార్డు చేసి, సంఘాల సమావేశాల్లో వినిపించేవారు. లైసెన్సు వచ్చేసరికి చేతిలో కార్యక్రమాలూ ఉన్నాయి, పని నేర్చినవాళ్లూ ఉన్నారు.

కాబట్టి ఆదివారం మొదలుపెట్టాలంటే అక్కడ మొదలుపెట్టండి. ఫోన్లో రికార్డు చేయండి, ఆడాసిటీలో సరిచేయండి, రచ్చబండ దగ్గర స్పీకరు పెట్టి వినిపించండి, ఎవరు మధ్యలో లేచి వెళ్లిపోతున్నారో గమనించండి. ఈలోగా మీ సంస్థ రిజిస్టరై మూడేళ్లు నిండాయో లేదో చూసుకోండి. నిండకపోతే స్వచ్ఛంద సంస్థగా దరఖాస్తు పెట్టే అర్హతే రాదు.