మహారాజశ్రీ నీలి పట్టీ టైరు గారి సముఖమునకు

శ్రీకాకుళం,
2025 జూలై 27, ఆదివారం రాత్రి.

మహారాజశ్రీ పిరెల్లి వారి ఫుల్ వెట్ టైరు, అంటే ఫార్ములా వన్ బళ్లకి జోరు వానలో తొడగాల్సిన టైరు గారికి ఏడు రోడ్ల కూడలి నుంచి ఒక అభిమాని అనేక నమస్కారాలు.

ఉభయకుశలోపరి. ఇక్కడ వానలు బాగానే పడుతున్నాయి, ఉభాలు సాగుతున్నాయి. తమరు మాత్రం ఈ పూట కూడా ఒంటి మీద చుక్క పడకుండా గ్యారేజీలో క్షేమంగా ఉన్నారని టీవీలో చూసి సంతోషించాం.

సాయంత్రం ఆరున్నరకి మొదలవ్వాల్సిన బెల్జియం రేసు ఏడూ యాభైకి మొదలైంది. బళ్లు సేఫ్టీ కారు, అంటే వేగం అదుపులో పెడుతూ ముందు నడిచే కారు, వెనక ఒక చుట్టు తిరిగాయి, ముందేమీ కనపడటం లేదన్నారు, ఎర్రజెండా చూపించారు, అందరూ టైర్లు మార్చే పిట్ లేన్‌లోకి వచ్చి కూర్చున్నారు. ఎనభై నిమిషాలు! అంతసేపట్లో ఇక్కడ బస్సెక్కినవాడు ఈ వానలోనే విజయనగరం పొలిమేరల దాకా పోతాడు. ఆ తరువాత మళ్లీ సేఫ్టీ కారు వెనక నాలుగు ల్యాపుల ఊరేగింపు. తీరా వదిలేసరికి ఏ బండికి చూసినా కొద్దిపాటి తడికి వాడే పచ్చ పట్టీ ఇంటర్మీడియట్లే, పొట్టిగా ఇంటర్లే. పదకొండో ల్యాపులో హామిల్టన్ గాట్లు లేని గుండు టైర్లకి మారాడు, రెండు మూడు ల్యాపుల్లో మిగతావాళ్లూ అదే దారి పట్టారు. వాన కోసమే పుట్టిన తమరు వాన ఉన్నప్పుడు రాలేదు, వెలిశాక రాలేదు, ఆరుతున్నప్పుడూ రాలేదు.

మా జిల్లాలో వానకి ఆగిపోయేది కరెంటు ఒక్కటే అనుకునేవాళ్లం. తమరు దానికి తోడయ్యారు.

తమరి ఘనత మాకు తెలియక కాదు. గంటకి 300 కిలోమీటర్ల వేగంలో ఒక్కో ఫుల్ వెట్ టైరు సెకనుకి 85 లీటర్ల నీళ్లు తోడేస్తుందని కంపెనీ వాళ్లే చెప్పారు. ఇంటర్‌కి 30 లీటర్లే. ఎనభై ఐదు లీటర్లంటే ఇరవై లీటర్ల మంచినీళ్ల టిన్నులు నాలుగు, పైన ఐదు లీటర్ల బకెట్టు ఒకటి. వర్షాకాలమంతా గొట్టా బ్యారేజీ ఇన్‌ఫ్లో ఎంత, తోటపల్లి నుంచి ఎంత వదిలారు అని క్యూసెక్కుల్లో మాట్లాడుకునే ఊళ్లు మావి, కాబట్టి మా లెక్కలోనే చెప్పుకుందాం. క్యూసెక్కంటే 28 లీటర్ల పైచిలుకు. అంటే తమరొక్కరే మూడు క్యూసెక్కులు! బండికి నాలుగు చక్రాలు, పన్నెండు క్యూసెక్కులు. ఇరవై బళ్లు కలిసి వస్తే 240 క్యూసెక్కులు. వెనక టైర్లు ముందు టైర్లు తుడిచిన దారిలోనే చాలావరకు నడుస్తాయి కాబట్టి కొంత తరుగు తీసేద్దాం. తీసేసినా ఒక పిల్లకాలువ పారుతుంది.

కాలువలో నీళ్లు పొలానికి పోతాయి. తమరు తోడిన నీళ్లు ఎక్కడికి పోతున్నట్టు?

గాల్లోకి. వెనకొచ్చేవాడి ముఖం మీదకి. అసలు తిరకాసంతా ఇక్కడే ఉంది. తమరి గాట్లలోంచి పక్కలకీ వెనక్కీ చిమ్మిన నీళ్లు తుంపరలై లేస్తాయి. 2022 నుంచి ఈ బళ్లకి అడుగున గాలి సొరంగాలు పెట్టారు కదా, నేలకి బండిని లాగి పట్టుకోవడానికి. ఆ సొరంగాలు గాలితో పాటు రోడ్డు మీది తడినీ లాగేసి వెనక డిఫ్యూజర్‌లోంచి పైకి ఎగజిమ్ముతాయి. వెనక రెక్క దాన్ని ఇంకా పైకి ఎత్తుతుంది. ఈ బెల్జియం రేసు జరిగే స్పా లాంటి చోట, రెండు వైపులా అడవి ఉన్న తిన్నటి దారి కెమ్మెల్ స్ట్రెయిట్‌లో, ఆ పొగమంచు చెట్ల మధ్య కదలకుండా నిలబడిపోతుంది. ముందు బండి వెనక ఎర్ర లైటు తప్ప డ్రైవరుకి ఏమీ కనపడదు. చాలాసార్లు అదీ కనపడదు. ఈ నెలలోనే బ్రిటన్ రేసులో, సిల్వర్‌స్టోన్‌లో హజార్ ఆ నీళ్ల తెరలోకి దూసుకుపోయి ఎదురుగా ఉన్న ఆంటొనెల్లి బండిని వెనక నుంచి గుద్దాడు.

అంటే తమరు పని ఎంత బాగా చేస్తే వెనకవాడికి అంత గుడ్డితనం. అతనికి కనపడటం లేదని రేస్ కంట్రోల్ ఎర్రజెండా ఊపుతుంది. ఎర్రజెండా పడిందంటే తమరికి పని లేదు. నీళ్లు తగ్గాక జెండా దించుతారు. నీళ్లు తగ్గాయంటే ఇంటరే వేగం, తమరి మెత్తటి ఎత్తు దిమ్మెలు అంత తక్కువ తడిలో వేడెక్కి మెలికలు తిరిగి అరిగిపోతాయి. ఇంటర్ చాలనంత నీళ్లుంటే రేసు ఉండదు, రేసు ఉందంటే ఇంటర్ చాలు. ఈ రెంటి మధ్య తమరు బతకడానికి మిగిలిన సందు ఎంత? చీమ దూరదు. వానొస్తే తడిసిపోతుందని గొడుగుని బీరువాలో దాచుకునే ఇల్లాలు ఎక్కడైనా ఉందేమో గానీ, ఆ గొడుగుని ప్రపంచమంతా విమానాల్లో తిప్పేవాళ్లు వీళ్లే. ప్రతి డ్రైవరుకీ రెండేసి సెట్లు, ప్రతి ఊరికీ. ఎండలు మండే బహ్రెయిన్‌కి కూడా. తడవకుండానే తడిసి మోపెడవడం అంటే ఇదే!

ఏటి బావూ, వాన కోసం సేసిన టైరు వానకే రాకపోతే మరెందుకూ అని టీ కొట్టు దగ్గర ఎవరైనా అడిగితే చెప్పడానికి మా దగ్గర సమాధానం లేదు.

పైగా దుప్పటి సంగతొకటి. మిగతా టైర్లని కరెంటు దుప్పట్లలో వెచ్చగా చుట్టి ఉంచుతారు. తమరికి 2023 నుంచి దుప్పటి కూడా అక్కర్లేదన్నారు, చల్లగా ఉన్నా పట్టు దొరికేలా కొత్త రబ్బరు చేశామన్నారు. ఆ కొత్త టైరు అరంగేట్రం ఇమోలాలో అన్నారు. అక్కడ వరదలొచ్చి రేసే రద్దయింది. తమరి జాతకం అలాంటిది.

మడ్‌గార్డు వైద్యం కూడా చేసి చూశారు. మన లారీ వెనక వేలాడే రబ్బరు ముక్క లాంటి ఆలోచనే, కాకపోతే కార్బన్‌ది. 2023లో సిల్వర్‌స్టోన్‌లో ఒకసారి, 2024లో ఫియోరానోలో చక్రాన్ని ఇంకా నిండుగా కప్పి మరోసారి. లాభం లేకపోయింది. చక్రం మూసినా అడుగు సొరంగం చిమ్మేది ఆగదు కదా. టైర్ల పరీక్షలయినా అంతే. స్ప్రింక్లర్లతో నేల తడిపి ఒకటి రెండు బళ్లు తిప్పుతారు. ఒక్క బండి తిరిగితే పట్టు ఎంతో తెలుస్తుంది, ఎన్ని ల్యాపులు మన్నుతుందో తెలుస్తుంది. ముందు పంతొమ్మిది బళ్లు చిమ్ముతుంటే ఇరవయ్యో వాడికి ఏం కనిపిస్తుందో ఏ స్ప్రింక్లరు చెబుతుంది?

ఒక్క మాట వ్యంగ్యం లేకుండా. జెండా ఎందుకు ఊపారని మేం అడగటం లేదు. 1998లో ఇదే స్పాలో మొదటి ల్యాపులోనే పదమూడు బళ్లు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. అదే రోజు నీళ్ల తెరలో కూల్‌థార్డ్ బండి కనపడక షూమాకర్ దాన్ని వెనక నుంచి గుద్ది తన చక్రం పోగొట్టుకున్నాడు. 2014లో సుజుకాలో బియాంకి వానలో జారి, పక్కన ఇంకో బండిని ఎత్తుతున్న క్రేన్ కిందకి వెళ్లిపోయాడు. 2023 జూలైలో, ఇదే కెమ్మెల్ స్ట్రెయిట్‌లో, చిన్న ఫార్ములా రేసులో 18 ఏళ్ల డిలానో వాన్ట్ హాఫ్ బండి అడ్డం తిరిగింది. తుంపరల్లోంచి వచ్చిన బండి దాన్ని గుద్దింది. ఇవన్నీ తెలిసినవాళ్లు ఎనభై నిమిషాలు కాదు, ఎనిమిది గంటలయినా కూర్చుంటారు. 2021లో ఇక్కడే గంటల తరబడి తడిపి, సేఫ్టీ కారు వెనక మూడు ల్యాపులు తిప్పి, ఒక్క ల్యాపు లెక్కన ఫలితం ప్రకటించి వెర్‌స్టాపెన్‌కి పన్నెండున్నర పాయింట్లు ఇచ్చారే, ఆ సగం పాయింట్లని కూడా మింగాం. కనీసం రెండు ల్యాపులు నిజంగా పరుగెత్తితేనే పాయింట్లని తరువాత రూలు మార్చారు, మంచిదే.

కానీ కనపడకపోవడం దేవుడు చేసింది కాదుగా? మీరు చేసిందే. 2017లో ముందు టైరుని 245 మిల్లీమీటర్ల నుంచి 305కి, వెనకదాన్ని 325 నుంచి 405కి పెంచింది మీ వాళ్లే. ఎందుకయ్యా అంటే బళ్లు బలిష్ఠంగా కనపడాలట, మలుపుల్లో వేగం పెరగాలట. వెడల్పు పెరిగితే నీటి మీద తేలడం తేలికవుతుందని సైకిలు టైరుకీ ట్రాక్టరు టైరుకీ తేడా తెలిసిన ఎవరైనా చెబుతారు. చిమ్మే నీళ్లూ పెరుగుతాయి. దాని మీద అడుగున సొరంగాలు. దాని మీద బండి అడుగున నేలకి అతుక్కున్నట్టుండే చెక్క పలక. నీళ్లు కాస్త ఎక్కువ నిలిస్తే ముందు తేలేది ఆ పలకే. పలక తేలాక నువ్వు మూడు క్యూసెక్కులు తోడితే ఎవడికి, ముప్పై తోడితే ఎవడికి? పోనీ బండిని నాలుగు మిల్లీమీటర్లు ఎత్తుకుందామంటే క్వాలిఫయింగ్ అయ్యాక పార్క్ ఫెర్మే అని తాళం వేస్తారు, ఎత్తు మార్చకూడదు. వానొస్తుందని నమ్మి పెద్ద రెక్క పెట్టుకున్న వెర్‌స్టాపెన్, తడికి తగ్గట్టు బండి మార్చుకుని పిట్ లేన్ నుంచి బయల్దేరిన హామిల్టన్, ఈ రోజు ఎనభై నిమిషాలు కూర్చుని తమ వాన ఆరిపోవడం చూశారు. వానని నమ్మినవాడిదే తప్పన్నట్టు!

నిరుడు బ్రెజిల్‌లో సునోడా నిన్ను నమ్మాడు. వాన పెరుగుతోందని పిట్‌లోకొచ్చి నీలి పట్టీ వేయించుకున్నాడు. సరైన నిర్ణయమే. ఏమైంది? కాసేపటికి ఎర్రజెండా! జెండా కింద ఎవరైనా ఉచితంగా టైర్లు మార్చుకోవచ్చు కాబట్టి, పిట్‌కి రాకుండా మొండిగా తిరిగినవాళ్లు ముందుకొచ్చారు, వానకి తగ్గ టైరు వేసుకున్నవాడు వెనకబడ్డాడు. నిన్ను వాడినందుకు శిక్ష. ఆ ఉచిత మార్పిడి రూలు గురించి ఇంకో ఉత్తరం రాయాలి, ఈ కాగితం చాలదు.

క్షమించాలి, మర్యాద తప్పి ఏకవచనంలోకి వచ్చేశాం. మార్చబుద్ధి కావడం లేదు.

ఎలాగూ మార్చలేదు కాబట్టి ఇదీ విను. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున తిరిగిన, కరెంటుతో నడిచే ‘ఫార్ములా ఈ’ బళ్లకి ఎండకీ వానకీ ఒకటే గాట్ల టైరు. దుప్పటి లేదు, మూడు రంగులు లేవు, పేరంటం లేదు. వాటి వేగం తక్కువ, రెక్కలు తక్కువ, పోలిక పూర్తిగా న్యాయం కాదని ఒప్పుకుంటాం. అయినా చిన్నింటి పిల్ల ఒక్క చీరతో పెళ్లీ పేరంటం నెట్టుకొస్తుంటే పెద్దింట్లో నువ్వు పట్టుచీరలా మడత విప్పకుండా ఉన్నావు.

మేం అడిగేది పెద్దదేమీ కాదు. నిన్ను తీసేసి, ఇంటర్‌ని కాస్త లోతు గాట్లతో ఇంకా తడికి పనికొచ్చేలా చేయండి, ఒకటే వాన టైరు. లేదా నిన్నే ఉంచి, సేఫ్టీ కారు వెనక తిరిగినంతసేపూ నువ్వే ఉండాలని గట్టిగా రూలు పెట్టి అమలు చేయండి. ట్రాక్ మీది నీళ్లు తోడే పనికైనా వస్తావు. ఇరవై బళ్లు పది చుట్లు తిరిగితే చీపుళ్లు పట్టుకున్న మార్షల్స్ కన్నా నువ్వే నయం. వచ్చే ఏడాది ముందు టైరు 25, వెనక టైరు 30 మిల్లీమీటర్లు సన్నబడుతుందట, సొరంగాలు పోయి బండి అడుగు చదును అవుతుందట. తుంపర తగ్గుతుందో లేదో నాలుగు వానలు పడితే గానీ తెలియదు. తగ్గితే మాత్రం నీకు పని దొరికినట్టే, సిద్ధంగా ఉండు.

ఎందుకంటే నువ్వు పనికిరానిదానివి కాదు, ఆ మాట మాకు తెలుసు. 2008 సిల్వర్‌స్టోన్‌లో, నీ కన్నా ముందు తరం, వేరే కంపెనీ టైరు, వాన జోరు పెరిగిన క్షణం చూసి బారికెల్లో దాన్ని వేయించుకున్నాడు. ఆ ఏడాది హోండా ఎంత నాసి బండో అందరికీ గుర్తే. ఆ బండి మిగతావాళ్లంతా జారిపోతుంటే నీళ్లని చీల్చుకుంటూ ఒక్కొక్కరినీ దాటేసి మూడో స్థానంలో గెలుపు మెట్టెక్కింది. ఆ ల్యాపులు ఇప్పుడు చూసినా రోమాలు నిలబడతాయి. అప్పుడు కూడా వాన ఇదే వాన, నీళ్లు ఇవే నీళ్లు. కళింగపట్నంలో మూడో నంబరు హెచ్చరిక ఎగరేశాక కూడా వలలు సర్దుకునే మనుషులున్న చోట, తిత్లీ తుపాను చూసిన చోట, అలాంటి ల్యాపులంటే ఎంత ఇష్టమో నీకేం తెలుస్తుంది, గ్యారేజీ గోడకి ఆనుకుని కూర్చున్నదానివి.

ఇట్లు,
నీలి పట్టీ తడవడం చూడాలని ఎనభై నిమిషాలు కూర్చున్న అభిమాని.

తా.క.: వచ్చే ఆదివారం హంగేరీ. మళ్లీ ఆరున్నరకే. మేం కూర్చుంటాం. వాన పడితే నువ్వేం కంగారుపడి లేవకు.