సముద్రానికీ గదికీ మధ్య ఏముంది?

సముద్రతీరంలో గది బుక్ చేసుకునేవాళ్లు మొట్టమొదట అడిగేది ఒకటే: కిటికీ తెరిస్తే సముద్రం కనిపిస్తుందా? కనిపిస్తే రేటు ఎక్కువ, కనిపించకపోతే తక్కువ. మామూలు బీచ్ హోటల్ విషయంలో దీన్ని ఎవరూ తప్పు పట్టరు. కానీ ఆ తీరం ఒక అభయారణ్యం అంచు అయి, అక్కడి హోటల్ తనను తాను పర్యావరణహిత సఫారీ లాడ్జ్‌గా చెప్పుకుంటున్నప్పుడు ఈ ఒక్క కోరికే అంతా తారుమారు చేసేస్తుంది. అలాంటి లాడ్జ్ ఎంత పచ్చనిదో తేల్చడానికి నేను చూసేది ఒక్కటే. గదికీ అలకీ మధ్య వాళ్లు ఏం మిగిల్చారు? శ్రీలంక ఆగ్నేయ తీరంలోని యాల చూశాక ఈ కొలత నాకు స్థిరపడిపోయింది.

అడవి నేరుగా సముద్రంలోకి దిగే చోట్లు లోకంలో కొన్నే ఉన్నాయి. గాబన్‌లోని లోవాంగోలో ఏనుగులు ఇసుక మీద తిరుగుతాయి. టాంజానియాలో సాదాని ఉంది. మనకు దగ్గరలో ఉన్నది యాల. 1900లో అభయారణ్యమైంది, 1938లో జాతీయ పార్కైంది. 979 చదరపు కిలోమీటర్ల ఆ అడవిని ఐదు బ్లాకులుగా విడదీశారు. పర్యాటకులు ఎగబడేది మాత్రం మొదటి బ్లాకుకే, చిరుతల కోసం. పులీ సింహమూ లేని ఆ దీవిలో చిరుతే అడవికి రాజు. పార్కు గేటున్న పాలటుపాన చుట్టుపక్కల, సముద్రం వైపు, పేరున్న లాడ్జ్‌లన్నీ వరసగా ఉంటాయి. చాలావాటికి చుట్టూ కంచె ఉండదు. చీకటి పడితే గది నుంచి భోజనాల హాలుకు ఒంటరిగా నడవనివ్వరు, టార్చి పట్టుకుని కాపలా మనిషి తోడొస్తాడు. దారిలో అడవిపందో, ఒక్కోసారి ఏనుగో ఎదురుపడడం అక్కడ మామూలే.

ఈ లాడ్జ్‌లు చేస్తున్న మంచిని కాదనను. సౌరవిద్యుత్తు, ప్లాస్టిక్ సీసాలకు బదులు గాజు సీసాలు, వాడిన నీటిని శుద్ధి చేసి మొక్కలకు పెట్టడం, చుట్టుపక్కల ఊళ్ల వాళ్లకు ఉద్యోగాలు, వెదురుతో పైకప్పులు... ఇవన్నీ అవసరమే. అయితే వీటిలో చాలాభాగం అతిథి కంటికి ఆనేవి, ఫొటోలో పడేవి. తీరాన్ని నిలబెట్టేది మాత్రం ఫొటోకి అడ్డొచ్చే వస్తువు. అదే ఇసుక తిన్నె.

2004 డిసెంబర్ 26న సునామీ యాల తీరాన్ని తాకింది. పార్కు లోపల పటనంగల బీచ్ దగ్గర పర్యాటకులు ప్రాణాలు కోల్పోయారు. తీరాన ఉన్న ఒక లాడ్జ్ పూర్తిగా కొట్టుకుపోయింది. ఆ తర్వాత శ్రీలంక తీరమంతా తిరిగి చూసిన అంతర్జాతీయ శాస్త్రవేత్తల బృందం యాల గురించి నమోదు చేసిన విషయం ఒకటుంది. హోటల్ ముందున్న ఇసుక తిన్నెను, సముద్రం బాగా కనిపించడం కోసం, అంతకుముందే కొంత తొలగించారు. నీళ్లు ఆ ఖాళీలోంచి వచ్చి పడ్డాయి. ఆ పక్కనే మొక్కలతో కప్పి ఉన్న తిన్నెలు చెక్కుచెదరకుండా ఉన్నచోట లోపలి నేలకు జరిగిన నష్టం చాలా తక్కువ. ఒకే తీరం, ఒకే అల. తేడా కిటికీలోంచి చూడాలనుకున్న దృశ్యం దగ్గర వచ్చింది.

ఆ రోజు జంతువులు ముందే పసిగట్టి ఎత్తైన చోట్లకు వెళ్లిపోయాయని చాలా చోట్ల రాశారు. అదే ప్రాంతంలో ఉపగ్రహ పట్టీలు కట్టిన ఏనుగుల కదలికలను పరిశీలించిన పరిశోధకులకు మాత్రం అలాంటి ప్రత్యేక ప్రవర్తనేమీ కనిపించలేదు. ఆరో ఇంద్రియం కథ అందంగా ఉంటుంది గనక జనం నోళ్లలో నిలిచింది. తిన్నె కథ మాత్రం తీరాలను అధ్యయనం చేసేవాళ్ల దగ్గరే ఆగిపోయింది. నన్ను బాధపెట్టేది అదే.

తిన్నెను దగ్గరగా చూడండి. సముద్రం వైపు ముందు వరసలో బాలబంది తీగ నేలను అల్లుకుని ఉంటుంది, ఊదారంగు పూలతో. దాని వెనక ముళ్లబంతుల్లాంటి గుత్తులు దొర్లే రావణాసురుడి మీసాలనే గడ్డి. ఇంకాస్త వెనక మొగలి పొదలు. గాలి మోసుకొచ్చే ఇసుకను ఈ మొక్కలే ఆపుతాయి, ఆ ఇసుకలోనే మళ్లీ వేళ్లూనుకుంటాయి, తిన్నె పెరుగుతుంది. దాన్ని చంపడానికి బుల్డోజరే అక్కర్లేదు. రోజూ వందమంది ఒకే చోట దాటితే చాలు, తీగ తెగి, గాలికి ఇసుక లేచిపోయి అక్కడ ఓ గండి పడుతుంది. నేను దిగిన లాడ్జ్‌లో దిబ్బ మీదుగా చెక్కల వంతెన కట్టారు. అదీ తిన్నగా సముద్రానికి పోదు, గాలి, నీరు సూటిగా దూరకుండా మెలికలు తిరుగుతూ పోతుంది. మంచం మీంచి సముద్రం కనిపించదు, హోరు మాత్రం రాత్రంతా వినిపిస్తుంది. పక్క గదిలో దిగిన కుటుంబం రిసెప్షన్‌లో గట్టిగానే అడిగింది, బీచ్ లాడ్జ్ అని డబ్బు కట్టాం, సముద్రం ఏదీ అని. అక్కడున్న కుర్రాడు వాళ్లను వంతెన మీదికి తీసుకెళ్లి మొగలి పొదలు చూపించి ఓపిగ్గా చెప్పాడు. అలా చెప్పగల మనిషిని రిసెప్షన్‌లో పెట్టడం సౌరఫలకాల కంటే పెద్ద పెట్టుబడి అని నా నమ్మకం.

దీపాల సంగతీ ఇలాంటిదే. శ్రీలంక తీరంలో ఐదు జాతుల సముద్ర తాబేళ్లు గుడ్లు పెడతాయి. రాత్రి గుడ్లలోంచి బయటికొచ్చిన పిల్లలు అన్నిటికన్నా వెలుతురుగా ఉన్న దిక్కుకు పాకుతాయి. దీపాలు లేని తీరంలో ఆ వెలుతురు సముద్రానిదే. లాడ్జ్ వరండాలో లైట్లు వెలిగిస్తే ఆ పిల్లలు దారి తప్పి గదుల వైపు వచ్చి చాలావరకు చస్తాయి. బీచ్ వైపు లైట్లన్నీ ఆర్పేసే లాడ్జ్ మంచిది, దీపాల తోరణాల మధ్య ఇసుకలో క్యాండిల్ డిన్నర్ పెట్టేది కాదు. ఇంతకు మించి దీనిలో వాదన లేదు.

అసలు చిక్కు లాడ్జ్ గేటు దాటాక మొదలవుతుంది. తెల్లవారుజామున సౌరవిద్యుత్తుతో కాచిన నీళ్లతో స్నానం చేసి, డీజిల్ జీపెక్కి, ఆరింటికి గేటు తీసే సమయానికి క్యూలో నిలబడతాం. చిరుత కనిపించిందని ఒక డ్రైవర్‌కు ఫోనొస్తే చాలు, జీపులన్నీ అటే పరుగు తీస్తాయి. ఇరుకు దారిలో బంపరుకు బంపరు తగిలేలా నిలిచి, ఇంజన్లు ఆపకుండా ఎదురుచూస్తాయి. గెమును అనే దంతాల ఏనుగు జీపుల్లోకి తొండం పెట్టి తిండి వెతుక్కోవడం అక్కడ పేరు మోసిన విషయం. జనం దాన్ని వీడియోలు తీసి సరదాపడ్డారు. నిజానికి అది మనుషులు దానికి నేర్పిన జబ్బు. చిరుత కనిపించకపోయినా గొడవ చేయని అతిథి కావాలి, ఆ మాట ముందే చెప్పే లాడ్జ్ కావాలి. అయిదో బ్లాకుకో, పక్షులకు పేరైన కుమనకో వెళ్దామని సలహా ఇచ్చేవాళ్లు ఉంటే మొదటి బ్లాకు కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. యాల పొడి ప్రాంతం కాబట్టి ఎండాకాలం చివర్లో నీటిగుంటలు అడుగంటిపోతాయి, చాలా ఏళ్లు సెప్టెంబర్‌లో మొదటి బ్లాకు మూసేస్తారు. ఆ రోజుల్లో కూడా నిండుగా ఉండే స్విమ్మింగ్ పూల్ నీళ్లు ఎక్కడివో అడగడం అతిథి హక్కు.

తీరం మీద హక్కు ఎవరిదన్నది కూడా ఇందులో భాగమే. శ్రీలంకలో 1981 నాటి తీర సంరక్షణ చట్టం పోటు రేఖ (పోటు సమయంలో నీళ్లు చేరే మేర) నుంచి లోపలికి 300 మీటర్లను తీర మండలంగా గుర్తించింది. సునామీ తర్వాత దక్షిణాన 100, తూర్పున 200 మీటర్ల వరకు ఇళ్లు కట్టకూడదన్నారు, తర్వాత ఆ నిబంధన సడలించారు. గుడిసెలు పోయిన మత్స్యకారులకు ఒక కొలత, హోటళ్లకు ఇంకో కొలత అన్న విమర్శ అప్పుడే గట్టిగా వచ్చింది. తరతరాలుగా ఆ ఇసుక మీద వలలు ఆరబెట్టుకున్నవాణ్ణి ప్రకృతి పేరుతో లేపేసి, అదే ప్రకృతి పేరుతో రాత్రికి వేలు వసూలు చేసే గది కడితే దాన్ని పర్యావరణహితం అనడానికి నాకు నోరు రాదు.

ఇదంతా మనకెందుకు అంటే, మన తీరం కూడా ఇప్పుడు ఇదే దారిలో ఉంది కనుక. సూర్యలంక నుంచి భీమిలి దాకా రిసార్టుల ఉత్సాహం కనిపిస్తోంది. కోరింగ మడ అడవులకు పర్యాటకులు పెరుగుతున్నారు. కాకినాడను అలల నుంచి కాపాడుతున్నది హోప్ ఐలాండ్ అనే పొడవాటి ఇసుక పట్టీ, ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టేదీ అక్కడే. 1977 నవంబర్ 19న దివిసీమ మీద విరుచుకుపడి వేలమందిని మింగిన ఉప్పెన మనకు ఎవరూ గుర్తు చేయక్కర్లేదు. అయినా మన దేశంలో తీరాల మీద నిర్మాణాలను నియంత్రించే 2019 సీఆర్‌జెడ్ (కోస్టల్ రెగ్యులేషన్ జోన్) నోటిఫికేషన్ జనసాంద్రత ఎక్కువున్న గ్రామీణ తీరాల్లో నిర్మాణాలు నిషిద్ధమైన మేరను 200 మీటర్ల నుంచి 50కి తగ్గించింది. తాత్కాలిక పర్యాటక వసతులకైతే పోటు రేఖకు పది మీటర్ల దూరం ఉంటే చాలంది. పది మీటర్లంటే చాలాచోట్ల తిన్నె నెత్తి మీదే.

రిసార్టులు వద్దని అనను. స్థానికులకు ఉపాధి ఇచ్చే మంచి లాడ్జ్ మన తీరానికీ రావాలి. కానీ అనుమతి ఇచ్చేముందు పర్యాటక శాఖ ఆ స్థలంలోని తిన్నెల ఎత్తు కొలిపించి నమోదు చేయాలి, ఏటా మళ్లీ కొలవాలి, తగ్గితే లైసెన్సు ఆపాలి. బీచ్ వైపు దీపాలు ఆర్పే షరతు ఒప్పందంలోనే ఉండాలి. పడవలు నిలుపుకునే చోటు మత్స్యకారులదేనని కాగితం మీద రాసివ్వాలి. రేపు ఏ తీరంలోనైనా గది బుక్ చేసుకునేముందు లాడ్జ్‌కు ఫోన్ చేసి, మీ గదుల ముందు ఇసుక దిబ్బ ఉందా, సముద్రం కనిపించడానికి దాన్ని తవ్వారా అని అడగండి. వాళ్లు ఏం చెప్తారో విన్నాకే డబ్బు కట్టండి.