మెషిన్ మనది, తాళం వాళ్లది

కొన్ని 5 యాక్సిస్ సీఎన్‌సీ మెషిన్లలో, అంటే కంప్యూటర్ ఆదేశాలతో ఐదు రకాలుగా కదులుతూ లోహాన్ని చెక్కే యంత్రాల్లో, ఒక సెన్సర్ ఉంటుంది. ఉన్నచోటు నుంచి కదిపితే చాలు, మెషిన్ లాక్ అయిపోతుంది. డబ్బు కట్టింది మనం, షెడ్ మనది, కరెంటు బిల్లు మనది. అయినా పక్క షెడ్‌లోకి మార్చుకోవాలంటే తయారీ కంపెనీయే తాళం తీయాలి. ఆయుధాల తయారీకి పనికొచ్చే యంత్రాలు చేతులు మారకూడదని పెట్టుకున్న ఏర్పాటిది. హైదరాబాద్ ఏరోస్పేస్ హబ్ అయిందని మురిసిపోతున్నాం కదా, ముందు ఈ తాళం సంగతి మాట్లాడుకుందాం.

మెషిన్ టూల్స్ చరిత్ర అంతా మనిషి చేతిలోంచి ఒక్కొక్కటే జారిపోయిన కథ. ముక్కను తిప్పుతూ ఉలితో చెక్కే యంత్రం లేత్. కాలితో తొక్కే లేత్‌కు నీటి చక్రం, తర్వాత ఆవిరి ఇంజన్ వచ్చి బలం పని తీసుకున్నాయి. 1800 ప్రాంతంలో లండన్‌లో హెన్రీ మాడ్‌స్లే ఉలిని పట్టుకునే స్లైడ్ రెస్ట్‌నూ దాన్ని సమంగా జరిపే లీడ్ స్క్రూనూ కలిపి చేసిన లేత్‌తో, ఉలి పట్టుకునే పనీ యంత్రానిదైంది. హెలికాప్టర్ రెక్కల కొలతలతో కుస్తీ పడుతూ జాన్ పార్సన్స్ మొదలుపెట్టిన ఆలోచనను అమెరికా వైమానిక దళం డబ్బుతో ఎంఐటీ ముందుకు తీసుకెళ్లి, చిల్లులతో ఆదేశాలు రాసిన పంచ్ టేప్ చదివి నడిచే మిల్లింగ్ మెషిన్‌ను 1952లో చూపించింది. ఆ రోజుతో నిర్ణయం కూడా చెయ్యి దాటింది. ఇక ఆ నిర్ణయం ఎవరు చేసిన పెట్టెలో ఉంటే పెత్తనం వాళ్లదే.

హైదరాబాద్ బాలానగర్ పారిశ్రామికవాడలో ఒక షెడ్‌లో చూశాను. పాత లేత్ మీద చెక్కుతుంటే ఊడే లోహపు చిప్ రంగు నీలానికి తిరగగానే టర్నర్ ఫీడ్, అంటే ఉలి జరిగే వేగం, తగ్గించాడు. ఏ మీటరూ చూడలేదు. పక్కనే సీఎన్‌సీ దగ్గర కుర్రాడు మైక్రోమీటర్‌తో జాబ్ (చెక్కిన ముక్క) కొలిచి, 20 మైక్రాన్లు ఎక్కువొచ్చిందని, ఉలి స్థానాన్ని సరిదిద్దే ఆఫ్‌సెట్‌లో మైనస్ 0.02 మిల్లీమీటర్ కొట్టి స్టార్ట్ నొక్కాడు. అతనిదీ మంచి పనితనమే. మెషిన్‌ను నడిపే కంట్రోలర్ పెట్టె లోపల ఏముంటుందని అడిగితే, "అది మనకేం తెలుసు సార్, అలారం వస్తే సర్వీసోళ్లకు ఫోన్ చేస్తం" అన్నాడు.

ఈ పెట్టె విలువ తెలియాలంటే 1980లలోకి వెళ్లాలి. జపాన్‌కు చెందిన తోషిబా మెషిన్, ఓడల ప్రొపెల్లర్లు చెక్కే భారీ మిల్లింగ్ మెషిన్లను సోవియట్ యూనియన్‌కు అమ్మింది. కంట్రోలర్లు నార్వే కంపెనీ కాంగ్స్‌బర్గ్‌వి. వాటివల్లే సోవియట్ సబ్‌మెరైన్ల చప్పుడు తగ్గిందని అమెరికా మండిపడింది. 1987లో అక్కడి కాంగ్రెస్ సభ్యులు తోషిబా రేడియోను సుత్తులతో బద్దలుకొట్టారు. గొడవంతా మిల్లింగ్ మెషిన్ల మీద, వాటిని నడిపే కంట్రోలర్ల మీద!

మరి మన దగ్గర? సికింద్రాబాద్‌లో మెషిన్ టూల్స్ కంపెనీ ప్రాగా టూల్స్ 1943లోనే పుట్టింది. బాలానగర్‌లో టూల్ డిజైన్ సంస్థ సీఐటీడీ 1968లో వచ్చింది. ఇనుము పని తెలిసిన ఊరు మనది. అదే ఊళ్లో, ఆ షెడ్లకు కాస్త దూరంలో, ప్రపంచానికి సాఫ్ట్‌వేర్ రాసిపెట్టే లక్షల మంది ఉన్నారు. అయినా మన షెడ్లలో ఎక్కువగా కనిపించేవి జపాన్, జర్మనీ కంట్రోలర్లే. కంట్రోలర్ అంటే ముప్పాతిక వంతు సాఫ్ట్‌వేరే కదా! నాకు కడుపు మండేది ఇక్కడే. బ్యాంకు యాప్ అర సెకను ఆలస్యమైతే ఎవరూ పట్టించుకోరు. కంట్రోలర్ మాత్రం మిల్లీసెకనుకోసారి ప్రతి యాక్సిస్ ఎక్కడుందో చూసి సరిదిద్దాలి, తడబడితే జాబ్ స్క్రాప్. అలాంటి కోడ్ రాయాలంటే నూనె మరకలు అంటించుకోవాలి. ఆ మరకలంటే మన చదువులకు చిన్నచూపు. ఐటీఐ పిల్లాడికీ ఇంజినీరింగ్ పిల్లాడికీ మధ్య మనమే గోడ కట్టాం.

బయట మంచివి దొరుకుతుంటే మళ్లీ మొదటినుంచి ఎందుకు, అంత మార్కెట్ ఎక్కడుందని అంటారు. జపాన్ కంపెనీ ఫుజిట్సులో ఒక చిన్న బృందం 1956లో ఈ కంట్రోలర్ల పని మొదలుపెట్టినప్పుడు జపాన్‌లోనూ మార్కెట్ లేదు. ఆ బృందమే 1972లో ఫానక్ అనే కంట్రోలర్ల కంపెనీ అయింది. చైనా కూడా సొంత కంట్రోలర్లు చేసుకుంటోంది. మెషిన్లను నడిపే లైనక్స్‌సీఎన్‌సీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ కోడ్ అందరికీ అందుబాటులోనే ఉంది.

5 యాక్సిస్ దాకా ఇప్పుడే పోనక్కర్లేదు. కంట్రోలర్ చచ్చి, స్పేర్లు దొరక్క మూలపడ్డ సీఎన్‌సీలు షెడ్లలో ఉంటాయి. వాటి బెడ్ (కింది దిమ్మ), స్పిండిల్ (తిరిగే ఇరుసు) ఇంకా గట్టిగానే ఉంటాయి. సీఐటీడీ, మన ఇంజినీరింగ్ కాలేజీలు, రాష్ట్ర ప్రభుత్వం కలిసి అలాంటి పాత సీఎన్‌సీ లేత్‌లను తెప్పించి, వాటికి మన సొంత కంట్రోలర్ చేయడానికి ఒక్కోదానికి ఒక టర్నర్‌నూ ఇద్దరు కోడర్లనూ ఏడాదిపాటు కూర్చోబెట్టాలి. ఆ టర్నర్‌కు కోడర్‌తో సమానంగా జీతం ఇవ్వాలి.