ఒక్కరోజు ప్యాకేజీ టూర్ గారికి

మహారాజశ్రీ ఒక్కరోజు ప్యాకేజీ టూర్ గారి దివ్యసముఖానికి,

తెల్లారకముందే హైదరాబాద్‌లో ఎక్కించుకుని అర్ధరాత్రికి దింపేశారు. ఈలోపు వేయిస్తంభాల గుడి, రామప్ప, లక్నవరం, బొగత జలపాతం, ఏటూరునాగారం అభయారణ్యం అన్నీ కవర్! కాకతీయులకు తరాలు పట్టిన పని మీరు ఒక్క డీజిల్ ట్యాంకుతో ముగించారు.

హనుమకొండలో 1163 నాటి గుడికి ఇరవై నిమిషాలు మంజూరు చేశారు. చెప్పులు ఎక్కడ విడవాలో తెలుసుకునేసరికే అందులో సగం అయిపోయింది. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురూ ఒకే చోట కొలువైన త్రికూటాలయమది. మన గైడు మాత్రం స్తంభాలు వెయ్యి ఉన్నాయా లేవా అన్న పంచాయితీ దగ్గరే ఆగిపోయాడు.

రామప్ప దగ్గర మీ దయ పొంగి నలభై నిమిషాలిచ్చారు. రేచర్ల రుద్రుడు కట్టించాడు, శాసనం 1213 నాటిది, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది లాంటి చిన్న విషయాల జోలికి పోకుండా గైడు మమ్మల్ని నేరుగా ఎత్తుమడమల చెప్పులేసుకున్న మదనిక శిల్పం ముందు నిలబెట్టాడు. "చూశారా, ఆ కాలంలోనే హైహీల్స్!" బస్సంతా ఆ పాదాలనే ఫొటో తీసింది. ఆమె మొహం ఎలా ఉంటుందో మా ఫోన్లలో వెతికినా దొరకదు. తర్వాత నీళ్లలో తేలే ఇటుక. శిఖరం బరువు తగ్గడానికే అవి వాడారనీ, పునాదిలో ఇసుక నింపారనీ ఓ పెద్దాయన అడిగి మరీ చెప్పించుకుంటుంటే హారన్ మోగింది.

గుడికి కాస్త దూరంలోనే రామప్ప చెరువుంది. దాని కింద ఇప్పటికీ పొలాలు పారుతున్నాయి. మీ లిస్టులో అది లేదు, వేలాడే వంతెన లేదు కదా పాపం. లక్నవరంలో ఉంది కాబట్టి అక్కడికి తీసుకెళ్లారు. అదీ కాకతీయుల చెరువే. కట్ట ఎటుంది, తూము ఎక్కడ, మత్తడి ఎక్కడ పోస్తుంది అని అడిగితే గైడు బోటింగ్ టికెట్ల కౌంటరు చూపించాడు. కాకతీయుల లెక్కలో ఊరంటే గుడీ చెరువూ కలిపి. మీ లెక్కలో పార్కింగూ పులిహోరా. పాకాల చెరువు పేరు కరపత్రంలో చూసి సంబరపడ్డాను గానీ, పక్కనే చీమతలకాయంత అక్షరాల్లో "టైం ఉంటే" అని ఉంది.

ఇక అభయారణ్యం. 1953లోనే ప్రకటించిన ఆ అడవిని మీరు చీకటి పడ్డాక, అద్దాలు బిగించి, డీజే పాటలతో దాటించారు. ఒక్క జంతువూ కనబడలేదని వెనక సీటాయన డబ్బు వాపసు అడిగితే, "పొద్దున కోతులు చూశారుగా సార్" అన్నాడు మీ మేనేజర్. నిజమే, చూశాం. చిప్స్ ప్యాకెట్ చింపడంలో మా పిల్లాడికంటే వాటికే చెయ్యి తిరిగింది.

దిగేముందు ఫీడ్‌బ్యాక్ ఫారం ఇచ్చారు. "ఏది బాగా నచ్చింది?" అన్నచోట చాలామంది మిర్చి బజ్జీ అని రాశారు. నేనూ కాదనను, బజ్జీ బాగుంది, దానికి మాత్రం అరగంట ఆపారు.

వచ్చే సీజన్ నుంచి ఇదే రూటును హాఫ్ డేలో పెడుతున్నారని విన్నాను. అందులో బస్సు ఎక్కడైనా ఆగుతుందా, లేక కిటికీ సీటుకే అదనంగా తీసుకుంటారా? తెలియజేయగలరు.

ఇట్లు,
మీ ముప్పై రెండో నంబరు సీటు